అణు ఇంజనీరింగులో డాక్టరు కావాలంటే ఎన్నేళ్ళు చదవాలి?



ఈ నెల గోడపత్రికలో సైన్సు పాఠం రాసే వంతు 9వ తరగతిది. చీటీలు వేస్తే నా చీటీ వచ్చింది. మలేరియా దోమ గురించి రాయమని కొందరు, వానపాము గురించి రాయమని కొందరు చెప్పారు. దోమ పోయిన ఏడాదిలోనే రెండుసార్లు వచ్చింది. వానపాము బొమ్మ గీయడం నాకు రాదు. అందుకని వేరేది రాస్తున్నాను. మూడు చార్టులు పట్టింది. నిలబడి చదివితే కాళ్ళు లాగుతాయి, సగం ఇవాళ చదవండి, సగం రేపు చదవండి. నెలాఖరు దాకా ఇక్కడే అంటించి ఉంటుంది.

సైన్సు డే నాడు, అంటే ఫిబ్రవరి 28న, మన హాస్టలుకు ఒక అక్క వచ్చింది గదా. ఇంజనీరింగు అయిపోయి ఇంకా చదువుకుంటున్న అక్క. ఆమె వెళ్ళేటప్పుడు "ఇంకో ఏడాదిలో నేను డాక్టర్ని అవుతాను" అన్నది. అప్పుడు 6వ తరగతి చెల్లెళ్ళు "అక్కా, సూది వేస్తావా?" అని అడిగారు. అందరం నవ్వాం గాని నిజం చెప్పాలంటే మనలో చాలామందికి తెలియదు. నాకూ తెలియదు. డాక్టర్లు రెండు రకాలట. ఒకరు జబ్బు చూసే డాక్టరు. ఇంకొకరు పిహెచ్.డి అనే చదువు చదివిన డాక్టరు. ఆ అక్క చదివేది అణు ఇంజనీరింగులో పిహెచ్.డి. నేను ఆమెను గేటు దాకా సాగనంపుతూ అడిగినవి, తరువాత సైన్సు మేడమ్‌ను అడిగినవి, లైబ్రరీ బీరువాలో పుస్తకాలు చూసి తెలుసుకున్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు మణుగూరు వైపు. మా ఊరికి పోయే బస్సులో అశ్వాపురం దగ్గర కిటికీలోంచి చూస్తే పొడుగాటి స్తంభాలు, గొట్టాలు కనిపిస్తాయి. చిన్నప్పుడు నేను అది సిమెంటు ఫ్యాక్టరీ అనుకునేదాన్ని. అది భారజల కర్మాగారం. 1991లో మొదలైంది. భారజలం అంటే బరువు నీళ్ళు.

మేం ఇంట్లో కోయ మాట్లాడతాం. కోయలో "ఏరు" అంటే నీళ్ళు. ఒకటో తరగతిలో సారు "ఏరు అంటే ఏమిటి?" అని అడిగితే నేను గ్లాసులో నీళ్ళు చూపించాను. తెలుగు వాచకంలో ఏరు అంటే వాగు. అందరూ నవ్వారు. ఇప్పుడు మా అవ్వకు ఈ పాఠం చెప్పాలంటే "బరువు ఏరు" అని చెప్పాలి. సంక్రాంతికి చెప్పాను కూడా. అవ్వ ఏమన్నదంటే, "నీళ్ళు బరువు గాక తేలికుంటాయా? వాగు నుంచి రెండు బిందెలు మోసి చూడు, తెలుస్తది."

కాని ఈ నీళ్ళు నిజంగానే వేరే. మనం 8వ తరగతిలో నేర్చుకున్నాం, నీటిలో రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ ఉంటాయి. మామూలు హైడ్రోజన్ కేంద్రకంలో ఒక్క ప్రోటాన్ మాత్రమే ఉంటుంది. సుమారు 6,500 హైడ్రోజన్లలో ఒకదానికి మాత్రం ప్రోటాన్‌తో పాటు ఒక న్యూట్రాన్ కూడా ఉంటుంది. దాని బరువు రెట్టింపు. దాని పేరు డ్యుటీరియం. ఇది గోదావరిలో ఉంది, మన బోరింగులో ఉంది, మనం తాగిన నీళ్ళలో కూడా కొంచెం ఉంది. ఆ కొంచెం కొంచెం ఏరి ఒకచోట చేరిస్తే భారజలం. లీటరు మామూలు నీళ్ళు 1,000 గ్రాములు తూగితే, లీటరు భారజలం 1,100 గ్రాములకు కొంచెం పైనే తూగుతుంది. మామూలు నీళ్ళు 0 డిగ్రీల దగ్గర గడ్డ కడితే ఇది 3.8 డిగ్రీల దగ్గరే గడ్డ కడుతుంది. ఇంకో వింత, భారజలం మంచుగడ్డను మామూలు నీళ్ళలో వేస్తే తేలదు, మునుగుతుంది.

వడ్లలో రాళ్ళు ఏరినట్టు చేత్తో ఏరలేం గదా. అక్కడ గోదావరి నీళ్ళను, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువును ఆ పొడుగాటి స్తంభాలలో కలుపుతారు. ఈ వాయువుకు కుళ్ళిన గుడ్డు వాసన, విషం కూడా. చల్లటి స్తంభంలో డ్యుటీరియం వాయువును వదిలి నీళ్ళలోకి పోతుంది. వేడి స్తంభంలో నీళ్ళను వదిలి వాయువులోకి పోతుంది. ఇట్లా వేడిలో ఒకసారి, చల్లదనంలో ఒకసారి తిప్పి తిప్పి కొంచెం కొంచెం చిక్కగా చేస్తారు. ఆఖరున బట్టీ పట్టినట్టు ఆవిరి చేసి ఇంకా శుద్ధి చేస్తారు. ఇది చదివినప్పుడు నాకు ఇప్పపువ్వు బట్టీ గుర్తుకొచ్చింది. రాయకూడదేమో గాని రాశాను, మేడమ్ గారు క్షమించాలి.

ఇంత కష్టపడి ఈ నీళ్ళు ఎందుకు? ఇక్కడి నుంచే అసలు పాఠం.

యురేనియం అనే లోహంలో రెండు రకాల పరమాణువులు ముఖ్యమైనవి. 238 అనేది ఎక్కువ. 235 అనేది 1,000లో 7 మాత్రమే. ఒక న్యూట్రాన్ పోయి 235 కేంద్రకానికి తగిలితే అది రెండు ముక్కలవుతుంది. దీన్నే కేంద్రక విచ్ఛిత్తి అంటారు. ముక్కలైనప్పుడు వేడి పుడుతుంది, ఇంకో రెండో మూడో న్యూట్రాన్లు బయటికి వస్తాయి. అవి పోయి ఇంకొన్నిటికి తగులుతాయి. అడవిలో ఒక ఎండుటాకు నుంచి ఇంకో ఆకుకు నిప్పు అంటుకున్నట్టు. దీన్ని శృంఖల చర్య అంటారు. ఒక్క గ్రాము 235 మొత్తం విచ్ఛిత్తి అయితే వచ్చే వేడి సుమారు 3 టన్నుల మంచి బొగ్గు కాలిస్తే వచ్చే వేడితో సమానం. మా ఊరి రోడ్డు మీద రాత్రీ పగలూ బొగ్గు లారీలు పోతాయి. ఒక గ్రాము అంటే చింతగింజంత బరువు. నేను ఈ లెక్క మూడుసార్లు చదివాను, తప్పు చదివానేమో అని.

అయితే చిక్కు ఏమిటంటే, విచ్ఛిత్తిలో పుట్టిన న్యూట్రాన్ సెకనుకు సుమారు 20,000 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అంత వేగం ఉంటే 235కు సరిగ్గా చిక్కదు. దాన్ని సెకనుకు 2 కిలోమీటర్ల చిల్లరకు తగ్గించాలి. ఎట్లా తగ్గించాలి? గోలీలాట తెలిసిన వాళ్ళకు ఇది తేలిక. గోలీని గోడకు కొడితే అదే వేగంతో వెనక్కి వస్తుంది. అదే బరువున్న ఇంకో గోలీకి సూటిగా కొడితే మనది ఆగిపోతుంది, రెండోది పోతుంది. న్యూట్రాన్ కూడా అంతే. బరువైన యురేనియానికి తగిలితే వేగం తగ్గదు. దాని బరువుకు దగ్గరగా ఉన్నదానికి తగిలితే తగ్గుతుంది. మామూలు హైడ్రోజన్‌కు సుమారు 18 సార్లు గుద్దుకుంటే చాలు, నెమ్మదిస్తుంది. డ్యుటీరియానికి అయితే సుమారు 25 సార్లు గుద్దుకోవాలి. యురేనియంతో అయితే 2,000 సార్లు దాటుతుందట.

మరి మామూలు నీళ్ళే మేలు గదా అని మన తరగతిలో వెనక బెంచీ వాళ్ళు అడిగారు. మంచి ప్రశ్నే. మామూలు హైడ్రోజన్ న్యూట్రాన్‌ను నెమ్మదింపజేస్తుంది గాని కొన్నిటిని మింగేస్తుంది కూడా. 1,000లో 7 మాత్రమే ఉన్న 235తో పొయ్యి వెలగాలంటే ఒక్క న్యూట్రాన్ కూడా వృథా పోకూడదు. భారజలం చాలా తక్కువ మింగుతుంది. అందుకే మన దేశంలో చాలా రియాక్టర్లు భారజలంతో నడుస్తాయి. కర్ణాటకలో కైగా అనే చోట ఇట్లాంటి రియాక్టరు ఒకటి 2016 మే నుంచి 2018 డిసెంబరు 31 దాకా ఆపకుండా 962 రోజులు నడిచింది. అప్పటికి అది ప్రపంచ రికార్డు. దాంట్లో వేసే యురేనియం కట్టలు హైదరాబాదులో అణు ఇంధన సముదాయంలో తయారవుతాయి. చిన్న రియాక్టరు కట్టలో 19 సన్నటి గొట్టాలు ఉంటాయి, పొడుగు అరమీటరు. చిన్న కట్టెల మోపు అనుకోండి.

ఇప్పుడు పిహెచ్.డి సంగతి.

మనం రాసే పరీక్షలో ప్రశ్నకు జవాబు పుస్తకంలో ఉంటుంది. లేకపోతే గైడులో ఉంటుంది. లేకపోతే పక్కపిల్ల పేపర్లో ఉంటుంది. పిహెచ్.డి అట్లా కాదట. అక్క చెప్పింది, ఇంతవరకు ఎవరికీ జవాబు తెలియని ప్రశ్న ఒకటి తీసుకోవాలి. చిన్నదైనా సరే. దాని జవాబు మనమే కనిపెట్టాలి. ముందు ఆ ప్రశ్న మీద లోకంలో ఎవరెవరు ఏమేం చేశారో అంతా చదవాలి. తరువాత ప్రయోగం చేయాలి, లేదా కంప్యూటరులో లెక్క కట్టాలి. చేసిందంతా ఒక పెద్ద పుస్తకంగా రాయాలి, దాన్ని సిద్ధాంత గ్రంథం అంటారు. దాన్ని వేరే చోటి ప్రొఫెసర్లకు పంపుతారు. ఆఖరున వాళ్ళ ముందు నిలబడి జవాబులు చెప్పాలి. నడిపించే గురువును గైడు అంటారు. మన గైడు వేరు, వాళ్ళ గైడు మనిషి.

ఇది విన్నాక నాకు మా అవ్వ గుర్తుకొచ్చింది. చేదు దుంపను ఎంత పలచగా కోయాలి, పారే వాగులో ఎన్ని రాత్రులు నానబెట్టాలి, ఎప్పుడు తింటే కళ్ళు తిరగవు అనేది ఎవరో ఒకరు మొదట కనిపెట్టి ఉంటారు గదా. వాళ్ళకు గైడు లేడు. తప్పయితే మనిషే పోతాడు.

అక్క ప్రశ్న ఏమిటో అడిగాను. ఆమె ఇట్లా చెప్పింది. అన్నం ఉడికిన తరువాత పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగుతాం. మంట పోతుంది గాని నిప్పులు ఉంటాయి. ఆ నిప్పుల మీద అన్నం మాడుతుంది కూడా. రియాక్టరు కూడా అంతే. శృంఖల చర్య ఆపేసినా లోపల విరిగిన ముక్కలు వేడి విడుదల చేస్తూనే ఉంటాయి. ఆపిన క్షణంలో పూర్తి శక్తిలో 100కు సుమారు 6 వంతులు ఉంటుంది. ఒక రోజు గడిస్తే 1 వంతు కన్నా తగ్గుతుంది, కాని సున్నా కాదు. 6 వంతులే గదా అనుకోకూడదు, అంత పెద్ద పొయ్యిలో అది చాలా ఎక్కువ. 2011 మార్చి 11న జపానులో ఫుకుషిమా అనే చోట ఇదే జరిగింది. భూకంపం రాగానే నడుస్తున్న రియాక్టర్లు వాటంతట అవే ఆగాయి. తరువాత సునామీ వచ్చి డీజిల్ జనరేటర్లను ముంచేసింది. కరెంటు లేదు, పంపులు లేవు, నిప్పుల మీద నీళ్ళు పోసేవాళ్ళు లేరు. మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి లక్ష మందికి పైగా ఇళ్ళు వదిలి పోయారు.

అక్క ప్రశ్న ఏమిటంటే, కరెంటు పోయినా, పంపు తిరగకపోయినా, వేడి నీళ్ళు పైకి పోయి చల్లటి నీళ్ళు కిందికి వచ్చే గుణం ఒక్కదానితోనే నిప్పులను ఎంతసేపు చల్లార్చవచ్చు? గొట్టం వంపు ఎట్లా ఉంటే నీళ్ళు బాగా తిరుగుతాయి? గుజరాత్‌లోని కాకరాపార్‌లో 2023లోను, 2024లోను పనిలోకి వచ్చిన 700 మెగావాట్ల కొత్త రియాక్టర్లలో ఇట్లా పంపు లేకుండా వేడి తీసే ఏర్పాటు ఉంది. అయినా దాంట్లో తెలుసుకోవలసినవి ఇంకా ఉన్నాయట.

నాకు ఆశ్చర్యం వేసింది ఇంకోటి. నాలుగేళ్ళుగా అణు ఇంజనీరింగు చదువుతున్న ఆ అక్క యురేనియాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదట! ఆమె ప్రయోగశాలలో యురేనియం బదులు కరెంటు హీటరు పెడతారు, మన వార్డెన్ మేడమ్ గారి రూములో నీళ్ళు కాచుకునే హీటరు లాంటిదే, పెద్దది. రెండంతస్తుల ఎత్తు గొట్టాలు, వాటికి వేడి కొలిచే తీగలు. రోజంతా అంకెలు రాసుకోవడమే. ఆరు నెలలు ఒక చిన్న లీకు ఎక్కడుందో వెతికానని చెప్పింది. నేనైతే ఏడ్చేదాన్ని. ఆమె కూడా ఏడ్చిందట.

అయితే ఎన్నేళ్ళు? ఇది శ్రద్ధగా చదవండి, ఎందుకంటే తేదీలు నావి. నాకిప్పుడు 14 ఏళ్ళు. పదో తరగతి అయ్యేసరికి 15. ఇంటర్ రెండేళ్ళు, ఎం.పి.సి. తీసుకోవాలి, 17. బి.టెక్ నాలుగేళ్ళు, 21. అణు ఇంజనీరింగు అని బి.టెక్ మన దగ్గర కాలేజీల్లో మామూలుగా ఉండదు, మెకానికల్, కెమికల్, ఎలక్ట్రికల్ చదివినవాళ్ళు తరువాత ఇటు వస్తారు. ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివినవాళ్ళు కూడా వస్తారు. గేట్ అనే పరీక్ష రాసి ఎం.టెక్ రెండేళ్ళు, 23. పిహెచ్.డి సుమారు ఐదేళ్ళు, 28. కొందరికి ఆరేళ్ళు పడుతుంది. బాగా చదివితే ఐఐటీల్లో బి.టెక్ తరువాత నేరుగా పిహెచ్.డిలో చేరడం కూడా ఉంది.

28లోంచి 14 తీసేస్తే 14. అంటే పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా ఎంత బతికానో అంత మళ్ళీ చదవాలి.

ఈ లెక్క సంక్రాంతి సెలవుల్లో ఇంట్లో చెప్పాను. అవ్వ నోరు తెరిచింది. మా అమ్మకు 16 ఏళ్ళకే నేను పుట్టాను. మా పెద్దమ్మ కూతురు మనలాగే ఆశ్రమ పాఠశాలలో పది పాసైంది, 412 మార్కులు, ఆ వేసవిలోనే పెళ్ళి చేశారు. ఇప్పుడు ఆమె నా సైన్సు పుస్తకం తీసుకుని బొమ్మలు చూస్తుంది, చదవదు. మా అయ్య ఏమీ అనలేదు. మా అయ్య ఏమీ అనకపోతే అది వద్దు అన్నట్టు. తరువాత మంచం మీద కూర్చుని, "పది దాకా ఎట్లాగూ ఉంది గదా, తరువాత చూద్దాం" అన్నాడు. తరువాత చూద్దాం అంటే ఏమిటో మనందరికీ తెలుసు.

ఇక్కడ లీజా మైట్నర్ గురించి చెప్పాలి. ఆమె 1878లో ఆస్ట్రియా దేశంలో వియన్నాలో పుట్టింది. ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లల బడి 14 ఏళ్ళకే అయిపోయేది! మగపిల్లలకు మాత్రం పై చదువు ఉండేది. 14 ఏళ్ళు అనే అంకె చూసి నేను పుస్తకం మూసేసి కొంచెంసేపు బయట తిరిగొచ్చాను. ఆమె ముందు ఫ్రెంచి టీచరు కావడానికి చదివింది. 1897లో విశ్వవిద్యాలయం ఆడవాళ్ళను రానిచ్చింది, కాని ప్రవేశ పరీక్ష పాసవ్వాలి. మగపిల్లలు ఎనిమిదేళ్ళు చదివింది ఆమె సుమారు రెండేళ్ళలో ఇంటి దగ్గర చదివి 1901లో పాసైంది. 1906లో భౌతిక శాస్త్రంలో డాక్టరు పట్టా తీసుకుంది. అప్పటికి ఆమెకు 27 ఏళ్ళు. నా లెక్క 28. ఒక్క ఏడే తేడా, అది కూడా ఆమెకు మధ్యలో అన్నేళ్ళు బడి లేకుండా.

1907లో ఆమె జర్మనీలోని బెర్లిన్ పోయింది. అక్కడి రసాయన శాస్త్ర సంస్థలో ఆడవాళ్ళను రానివ్వరు. ఆమెకు కింద, అంతకుముందు వడ్రంగి పని చేసిన గది ఇచ్చారు. పైకి ఎక్కి ప్రయోగశాలలోకి రాకూడదన్నారు. ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు, వీధిలో ఉన్న హోటలుకు పోవలసి వచ్చేది. అంత పెద్ద శాస్త్రవేత్త! మన హాస్టల్లో నీళ్ళు రాని రోజు మనం గొణుక్కుంటాం గదా, ఆ రోజు నాకు ఆమె గుర్తుకొస్తుంది. అయినా గొణుక్కుంటాను.

ఆమె యూదు కుటుంబంలో పుట్టింది. హిట్లరు కాలంలో 1938లో ప్రాణం దక్కించుకుని స్వీడన్ పారిపోయింది. ఆ డిసెంబరులో బెర్లిన్ నుంచి ఆమెతో కలిసి పనిచేసిన ఆటో హాన్ ఉత్తరం రాశాడు. యురేనియానికి న్యూట్రాన్లు కొడితే బేరియం కనిపిస్తున్నది, ఎందుకో అర్థం కావడం లేదని. ఆమె, ఆమె అక్క కొడుకు ఆటో ఫ్రిష్ మంచులో నడుస్తూ మాట్లాడుకుని, ఒక చెట్టు మొద్దు మీద కూర్చుని చిత్తు కాగితాల మీద లెక్క కట్టారు. యురేనియం కేంద్రకం నీటిబొట్టు లాగా సాగి రెండుగా తెగింది! పైన రాసిన విచ్ఛిత్తి అదే. 1944 నోబెల్ బహుమతి హాన్‌కు ఒక్కడికే ఇచ్చారు. బాంబు పనికి రమ్మని పిలిస్తే ఆమె పోలేదు. ఆమె చనిపోయిన చాలా ఏళ్ళకు, 1997లో 109వ మూలకానికి మైట్నీరియం అని పేరు పెట్టారు. మన ల్యాబులో ఉన్న ఆవర్తన పట్టికలో కింది వరుసలో ఉంది, చూడండి. పట్టిక ఆ మూల చిరిగింది, అయినా అక్షరాలు కనిపిస్తాయి.

డబ్బుల సంగతి. ఐఐటీల్లో బి.టెక్‌కు ఎస్.టి. పిల్లలకు ట్యూషన్ ఫీజు లేదు, మెస్ ఖర్చులు మాత్రం ఉంటాయి. సీట్లలో 100కు ఏడున్నర మనవి. పిహెచ్.డిలో చేరితే మనం కట్టడం కాదు, నెలనెలా వాళ్ళే ఇస్తారు. కేంద్ర ప్రభుత్వం 2023 జనవరి నుంచి పరిశోధన చేసేవాళ్ళ ఫెలోషిప్పు మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తరువాత 42,000 రూపాయలు చేసింది. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఎస్.టి. విద్యార్థులకు ఏటా 750 ఫెలోషిప్పులు ఇస్తుంది. ఇది మా అయ్యకు చెప్తే నమ్మలేదు. "చదువుకున్నందుకు ఎవరన్నా జీతమిస్తారా? సున్నా ఎక్కువ చదివినవ్" అన్నాడు. కాగితం మీద రాసి చూపించాను. మా అయ్యకు అంకెలు వస్తాయి, మిరప తూకం దగ్గర నేర్చుకున్నాడు. ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఏమీ అనలేదు. ఈసారి ఏమీ అనకపోవడం అంటే ఏమిటో నాకు తెలియలేదు.

చదివే చోట్లు కొన్ని రాస్తాను. ఐఐటీ కాన్పూరులో అణు ఇంజనీరింగు ఉంది. హోమీ భాభా పేరు మీద ముంబైలో 2005లో ఒక విశ్వవిద్యాలయం ఏర్పడింది, ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం, తమిళనాడు కల్పాక్కంలోని ఇందిరాగాంధీ కేంద్రం దాని కిందికి వస్తాయి. భాభా కేంద్రంలో 1957 నుంచి ట్రైనింగు స్కూలు ఉంది. బి.టెక్ అయినవాళ్ళు పరీక్ష, ఇంటర్వ్యూ పాసైతే ఏడాది శిక్షణ, తరువాత ఉద్యోగం, ఉద్యోగం చేస్తూ పిహెచ్.డి కూడా చేయవచ్చు.

ఇది రాస్తుంటే మా గదిలో నా స్నేహితురాలు కోపం చేసింది. "యురేనియం కోసం నల్లమలలో చెంచుల అడవి తవ్వాలని చూశారు గదా, జార్ఖండులో జాదూగూడ దగ్గర మనలాంటి వాళ్ళ ఊళ్ళ పక్కనే గనులున్నాయి గదా, నువ్వు అటువైపు పోతావా?" అని. ఆమె చెప్పింది నిజమే. నల్లమలలో యురేనియం తవ్వకం వద్దని చెంచులు, చాలామంది జనం గట్టిగా అడిగారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ కూడా వద్దని తీర్మానం చేసింది. జాదూగూడలో 1960ల నుంచి తవ్వుతున్నారు. అక్కడి సంతాల్, హో జనం తమ ఆరోగ్యం గురించి చాలా ఏళ్ళుగా అడుగుతున్నారు. నేను ఆమెకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రెండు రోజులు మాట్లాడుకోలేదు.

తరువాత నేను ఇట్లా అనుకున్నాను. పెద్దవాళ్ళు వచ్చి "ఇక్కడ రేడియేషన్ ఏమీ లేదు" అంటారు. ఇంకొకరు వచ్చి "చాలా ఉంది" అంటారు. మన ఊరివాళ్ళు ఇద్దరి మొహాలూ చూస్తారు. కొలిచే మీటరు ఎవరి చేతిలోనో ఉంటుంది, అంకె ఏ భాషలోనో ఉంటుంది. రేడియేషన్ నుంచి మనుషులను కాపాడడం కూడా అణు చదువులో ఒక భాగమే, నీళ్ళలో మట్టిలో ఎంత ఉందో కొలవడం మీద కూడా పిహెచ్.డిలు చేస్తారు. మీటరు చదవడం వచ్చినవాళ్ళు మనలో ఒకరుంటే, వాళ్ళు కోయలోనో చెంచులకు తెలిసిన మాటలోనో చెప్తే, ఊరు అవునో కాదో తనే అనగలదు. ఇది నా స్నేహితురాలికి చెప్పాను. "అప్పటికి నువ్వు వాళ్ళ జీతం తింటుంటావు, చెప్తావా?" అన్నది. దానికి జవాబు నా దగ్గర లేదు. చెప్తాననే అనుకుంటున్నాను. ఆమె ఈ చార్టుకు అంచు పూలు గీసి పెట్టింది, కాబట్టి కోపం కొంచెం తగ్గినట్టే.

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. వచ్చే తల్లిదండ్రుల మీటింగుకు మా అయ్య వస్తాడు. మేడమ్ గారు అందరి ముందు కాకుండా విడిగా పిలిచి ఆ 37,000 సంగతి, ఎం.పి.సి. సంగతి ఒకసారి చెప్పగలరు. నేను చెప్తే చిన్నపిల్ల మాట, మేడమ్ గారు చెప్తే వింటాడు. మీటింగుకు మిరప ఏరడం అడ్డం వస్తే మా మామ వస్తాడు, ఆయనకు చెప్పినా సరే.

ఇంకో సంగతి దాచకుండా రాస్తున్నాను. మొన్నటి పరీక్షలో నాకు లెక్కల్లో 100కు 43 వచ్చాయి. సైన్సులో 81. 43తో రియాక్టరు దాకా పోలేమని లెక్కల మేడమ్ నవ్వుతూ అన్నారు, నిజంగానే అన్నారు. బహుపదులు, ఘాతాంకాలు నాకు సరిగ్గా రావు. 10వ తరగతి అక్కల్లో ఎవరికైనా బాగా వస్తే రాత్రి స్టడీ అవరు అయ్యాక అరగంట చెప్పండి. నేను 3వ గదిలో కిటికీ పక్కన పడుకుంటాను. బదులుగా మీ బట్టలు ఆదివారం నేను ఉతుకుతాను, దుప్పట్లు తప్ప.